హేమావతి సాలు

సంచిలో రెండు చీరలు, రాగిపిండి, కళ్ళజోడు పెట్టాను. అన్నీ బయటికి తీసి మళ్ళీ సర్దాను. ఎవరైనా ఊరు వదిలేటప్పుడు నా చేతులు ఇట్లాగే తడబడతాయి. కరువొచ్చిన ఏడు కూలికని కేరళ పోయిన నాయనకు, హేమావతిని కనడానికి ఆసుపత్రికి పోయిన అమ్మకు సంచి సర్దింది నేనే. ఇద్దరూ పోయినవాళ్ళు పోయినట్టే. ఈసారి పోయేది నేను. బెంగుళూరు ఆసుపత్రిలో నా చెల్లెలు హేమావతికి కాలేయం ఆపరేషన్ చెయ్యాలి. డబ్బు కడితేనే తేదీ ఇస్తామన్నారు.

మా ఆయన గురప్ప మంచం మీద నుంచి చూస్తున్నాడు.

"అది జోలె పట్టింది, నువ్వు సంచి పట్టినావా," అన్నాడు. నేను సంచి మూతి ముడేశాను. "ఊరిబిండి యాడ పెట్టినావ్?" అని అడిగాడు. పచ్చడి గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టి బయలుదేరాను.

హేమావతి పసిబిడ్డగా నా ఒళ్ళోకి వచ్చింది. మా ఇంట్లోనే పెరిగింది. పొలాల్లో పాడుతూ పాడుతూ టీవీ పాటల పోటీలో గెలిచింది. ఆ తర్వాత ఏ ఊరి జాతరకు పోయినా జనం దానితో ఫోటో దిగేవాళ్ళు. జబ్బు పడ్డాక, దాని వెనక వంత పాడే అంజలి సాయం చెయ్యమని ఫోన్లో పెట్టింది. మొదటి వారం బాగానే ఇచ్చారు. అంతలో ఎవరో హేమావతి వడ్డాణం పెట్టుకుని కారు పక్కన నిలబడిన ఫోటో బయటికి తీశారు. ఇంత బంగారం ఉన్న మనిషికి మన డబ్బెందుకని అడిగారు. ఆ వడ్డాణం కదిరిలో అద్దెకు తెచ్చిన గిల్టు. కారు కచేరీ పెట్టించినాయనది. అంజలి చెప్పినా ఎవరూ నమ్మలేదు. డబ్బు రావడం ఆగిపోయింది.

నేను బడికి పోలేదు. బెల్లం పొట్లాల కాగితాలూ బస్సుల బోర్డులూ చూసి నలభై ఏళ్ళ వయసులో చదువు కూడబలుక్కున్నాను. కలెక్టరయ్యేదానివా అని మా అత్త నవ్వేది. ఇప్పుడు బస్సులో కూర్చుని, ఫోన్లో నా చెల్లెల్ని తిట్టిన మాటలన్నీ నేనే చదివాను. "ఇన్నేళ్ళు సంపాదించిందంతా ఏం చేసిందో ముందు చెప్పమనండి" అని ఒకాయన రాశాడు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. అడగకూడని ప్రశ్నేం కాదది. జవాబు తెలిసినవాళ్ళం ముగ్గురమే.

ప్రతి కచేరీ డబ్బూ హేమావతి నా చేతిలో పెట్టేది. సాకినందుకు ఆ మాత్రం ఇవ్వదా అని గురప్ప నా చేతిలోంచి తీసుకునేవాడు. అదంతా బోర్లకు పోయింది. ఒకదాంట్లో దుమ్ము లేచింది, ఒకదాంట్లో పది రోజులు నీళ్ళు వచ్చి ఆగిపోయాయి. ఆయన మాత్రం హోటల్ దగ్గర కూర్చుని, దాని సంపాదన ఏమైందో దేవుడికే ఎరుక అంటాడు. అది విని కూడా నేను ఇన్నేళ్ళు అన్నం వండాను.

ఆసుపత్రిలో హేమావతి కళ్ళు పచ్చగా ఉన్నాయి. అంజలి ఫోన్ ఎత్తి పట్టుకుని, జనం నమ్మేటట్టు ఏదన్నా చెప్పు పెద్దమ్మా అంది. నేనేం చెప్పబోతున్నానో హేమావతికి తెలిసిపోయింది. నా మణికట్టు పట్టుకుంది.

"వద్దుక్కా. నువ్వు మళ్ళీ ఆ ఇంట్లోనే బతకల్ల."

నేను చెయ్యి విడిపించుకోలేదు. అట్లాగే చెప్పాను.

"సెనిక్కాయలు పీకేదానికి పన్నెండుమంది ఆడోళ్ళం పోతాంటిమి. ఇది పాడేది. వంగి పీకతా పాడితే ఊపిరాడదు. అందుకని దీని వంతు సాలు మేమంతా పంచుకొని పీకినాం. కూలి మాత్రం అందరితో సమానంగా ఇప్పించినాం. దీని పాటకే మా నడుములు నిలిచినాయి. దాన్ని బిచ్చమని ఎవరూ అనలేదు. దీని దుడ్లు యాడికి పోయినాయని అడిగినారు కదా. మా చేన్లో ఆరు బోర్లుండాయి, ఆరూ ఎండినవే. అన్నీ దీని పాటలే. దీని చేతిలోంచి తీసుకొని నా మొగునికి ఇచ్చింది నేనే. నమ్మనోళ్ళు మా ఊరు తనకల్లుకొచ్చి ఈ కదిరమ్మ చేను ఏదని అడగండి. ఇప్పుడిది వంగలేదు, దీని సాలు మిగిలిపోయింది. మనసుంటే చెయ్యేయండి."

హేమావతి గోడవైపు తిరిగి ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "బోర్లు చూసేదానికి టికెట్టు పెట్టుక్కా," అంది.

మరునాడే ఎవరో నిజంగానే మా చేనికి పోయి ఆరు బోర్లూ ఫోటో తీసి పెట్టారు. నాతో కూలికి వచ్చిన ఆడవాళ్ళు నేను చెప్పింది నిజమేనని ఫోన్లో మాట్లాడి పంపారు. అనుమానాలు మొత్తం పోలేదు గానీ డబ్బు మళ్ళీ రావడం మొదలైంది. మూడో రోజు తేదీ ఇచ్చారు. ఆ రోజే గురప్ప ఫోన్ చేశాడు. ఇంటి గుట్టు వీధిలో పెట్టానన్నాడు, మొగుని తలకాయ కొట్టేసినానన్నాడు.

"వచ్చి అందరి ముందర నా కాళ్ళు పట్టుకో. అదంతా అబద్ధమని చెప్పు. లేదంటే ఈ గడప తొక్కద్దు."

అబద్ధం కాదు అన్నాను. ఆయన ఇంకేదో అంటుండగానే ఫోన్ పెట్టేశాను.

ఆపరేషన్ అయినాక కదిరిలో ఒక గది తీసుకున్నాం. హేమావతి ఆడపిల్లలకు పాటలు నేర్పుతుంది. మధ్యలో ఆయాసమొస్తే ఆగుతుంది, పిల్లలు అందుకుంటారు. చెల్లెలు ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చింది. గురప్ప ఇంటికి తిరిగి పోనిది నేను. సంచి పట్టుకుని నేను ఆ గడప దాటి వచ్చింది 2024 ఆగస్టు పద్నాలుగు, బుధవారం.