మాండరిన్ గారి సంతకం

2007లో సింగపూరు చాంగీ బిజినెస్ పార్కులో ఏ అద్దాల మేడలోకి వెళ్లినా ఇద్దరు తెలుగువాళ్లు ఎదురయ్యేవారు. మూడోవాడు లిఫ్టులో ఉండేవాడు. అలాంటి ఒక మేడలో, ఒక బ్యాంకు వాళ్ల ఐదో అంతస్తులో, మార్పుల నియంత్రణ అధికారిగా జనార్ధనరావు కూర్చునేవాడు. ప్రోగ్రాములో ఒక కామా మార్చాలన్నా అతని సంతకం కావాలి. సంతకం కావాలంటే ఇరవై రెండు గళ్ల ఫారం నింపాలి. ఆ ఫారం అతని సొంత సృష్టి. దాన్ని పెంచుకుంటూ వచ్చిన తీరు చూస్తే, కూతురు అక్షర మీద కూడా అంత శ్రద్ధ పెట్టలేదేమో అనిపించేది.

ఒక మధ్యాహ్నం లండన్ నుంచి డైరెక్టరు వచ్చాడు. భోజనాల దగ్గర అందరినీ పరిచయం చేస్తుంటే, జనార్ధనరావు చెయ్యి పట్టి ఊపుతూ, "ఓహో, మన మాండరిన్ మీరేనన్నమాట!" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. జనార్ధనరావు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఎందుకు నవ్వాడో అతనికి తెలియదు.

ఎక్స్‌పో స్టేషన్లో రైలెక్కి యూ టీలో దిగేదాకా గంటన్నర ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇంటికి రాగానే, మాట చివర సింగపూరువాళ్ల 'లా' తగిలించే అక్షరను అడిగాడు.

"ఆరెంజ్ లా, నాన్నా! చైనీస్ న్యూ ఇయర్‌కి ఇస్తారే, అది. లేకపోతే మా క్లాస్ మెయ్‌లింగ్ వాళ్లింట్లో మాట్లాడే లాంగ్వేజ్."

తను పండూ కాదు, భాషా కాదు. నిఘంటువు తీశాడు. మూడో అర్థం దగ్గర అతని వేలు ఆగిపోయింది. పూర్వం చైనా చక్రవర్తి కొలువులో పెద్ద అధికారి. నేటి వాడుకలో, ప్రభుత్వంలో పలుకుబడి గల ఉన్నతోద్యోగి. అంతవరకు చదివి, ఇంకో రెండు పంక్తులు మిగిలి ఉండగానే పుస్తకం మూసేశాడు. ఆ పూట భార్య సీతాదేవి వడ్డించిన బెండకాయ వేపుడు ఎన్నడూ లేనిది మెచ్చుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో ఆ సంగతి యోగేశ్వరికి చెప్పకుండా ఉండలేకపోయాడు. యోగేశ్వరి అదే అంతస్తులో కాగితాల వ్యవహారాలు చూసేది. తాతల నాడే మలేషియా రబ్బరు తోటలకు వచ్చిన తెలుగు కుటుంబం ఆమెది. తండ్రి పని కోసం ఇవతలికి, సింగపూరుకు దాటి వుడ్‌ల్యాండ్స్‌లో స్థిరపడ్డాడు. ఆమె తెలుగులో అరవమూ మలయ్యూ కలిసిపోయి ఉండేవి.

"అది మన మాటే కదా సార్," అంది యోగేశ్వరి. "మంత్రి. మలయ్‌లో మెంతెరి అంటాం. మలక్కాకి వచ్చిన పోర్చుగీసువాళ్లు ఆ మాట పట్టుకుపోయి చైనా అధికారులకి తగిలించారు. వాళ్ల దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్లకి పోయింది. మా పాప స్కూల్లో రాసింది."

"మంత్రి!" అన్నాడు జనార్ధనరావు. నిటారుగా కూర్చున్నాడు. "అంటే డైరెక్టరు గారు నన్ను మంత్రి అన్నారన్నమాట."

యోగేశ్వరి ఏదో చెప్పబోయి ఆగింది. అతని మొహంలో అంత వెలుగు ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ వారమే ఫారంలో ఇంకో రెండు గళ్లు పెరిగాయి.

శుక్రవారం మూడు గంటలకు రుచిత పరుగున వచ్చింది. కరీంనగర్ పిల్ల, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు.

"సార్, కొత్త ప్రోగ్రాంల తప్పున్నది. డెబ్బై ఐదేండ్లు దాటినోళ్లు యేడాది సంది బ్యాంకుకు రాకుంటే సచ్చిపోయిన్రని రాసుకుంటున్నది. రేపు పొద్దుగాల వాళ్లిండ్లకు సంతాపం ఉత్తరాలు పోతయ్. ఒక్క లైన్ మారిస్తే సాలు సార్."

జనార్ధనరావు ఫారం అందుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. ఒక్కొక్క గడీ చదువుతూ పదకొండో దాని దగ్గర ఆగాడు.

"ఈ మార్పు వల్ల కలిగే నష్టం... 'ఏమీ లేదు' అని రాశావేంటమ్మా? కనీసం రెండు వాక్యాలుండాలని కింద రాసుంది కదా."

"నష్టం లేదు సార్. లేనిదానికి రెండు వాక్యాలు ఎట్ల రాయాలె?"

"అది నువ్వు ఆలోచించుకోవాలి. ఈ సీట్లో కూర్చున్నవాడు తొందరపడకూడదు. దిద్దుకుని సోమవారం రా."

"సోమవారం దాక ఆగితే ఉత్తరాలు పోతయ్ సార్!"

"రూలు రూలే," అన్నాడు మంత్రి.

సోమవారం నాటికి నాలుగువేల పైచిలుకు ఇళ్లలో, బతికున్నవాళ్లు తమ చావు గురించి బ్యాంకు వారు వెలిబుచ్చిన ప్రగాఢ సంతాపాన్ని చదువుకున్నారు. టెలిఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పై నుంచి ఉత్తర్వు వచ్చింది: ప్రతి ఖాతాదారు బతికే ఉన్నట్టు ధ్రువపత్రం తయారు చేయాలి, అధికారులు ఇళ్లకు వెళ్లి స్వయంగా చూసి సంతకం పెట్టాలి. ఆ పత్రం తయారు చేసే పని సహజంగానే జనార్ధనరావుకు అప్పగించారు. ఒక్క పూటలో పద్దెనిమిది గళ్లు పూర్తి చేశాడు.

అతని వంతుకు వచ్చిన పేర్లలో మొదటిది బంగారమ్మ. యోగేశ్వరి తల్లి. ఇద్దరూ కలిసి వుడ్‌ల్యాండ్స్ వెళ్లారు.

ఎనభై ఒక్కేళ్ల బంగారమ్మ సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఉత్తరం ఆమె ఒళ్లోనే ఉంది.

"నువ్వేనా బాబూ నన్ను సంపేసినోడివి?" అంది.

"నేను కాదమ్మా. సిస్టం."

"ఆడెవడో ఆణ్ణే తీసుకురాకపోయావా మరి?"

జనార్ధనరావు పత్రం తీశాడు. పేరు, చిరునామా, గుర్తింపు కార్డు అన్నీ రాసుకున్నాడు. పదహారో గడి దగ్గర కలం ఆగింది. సాక్షి ఆమెను రెండేళ్లుగా ఎరిగినవాడై ఉండాలి, బంధువు కాకూడదు. అతను ఆమెను చూసి పావుగంటే అయింది.

"ఎదురుగా కూకున్నాను కదా," అంది బంగారమ్మ. "ఇంకేటి కావాలి? ఊపిరి పీల్సి సూపించనా?"

"సాక్షి లేకుండా కుదరదమ్మా. పక్కింటివాళ్లు ఎవరైనా..."

"పక్కోళ్లు పోయిన నెలే వచ్చారు."

తలుపు దగ్గరే నిలబడ్డ యోగేశ్వరి అంది:

"సార్, ఆ రోజు మీకు సగమే చెప్పాను. మాండరిన్ అంటే మంత్రి అన్నది ఎప్పటి సంగతో. ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు ఎవర్ని అంటారో తెలుసా? అందరి పనీ తన బల్ల మీద ఆపుకుని, ఆపడమే తన పని అనుకునేవాణ్ణి. డైరెక్టర్ గారు అందుకే నవ్వారు. అందరూ అందుకే నవ్వారు."

భోజనాల బల్ల చుట్టూ ఉన్న మొహాలు ఒక్కొక్కటే జనార్ధనరావు కళ్ల ముందుకొచ్చాయి. అన్నిటికంటే పెద్దగా నోరు తెరిచి నవ్విన మొహం తనదే. పదహారో గడిలో తన పేరే రాసి, కింద సంతకం పెట్టాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో రూలు తప్పడం అదే మొదలు.

"మకాన్ చేసి ఎల్లు బాబూ, రెండు ముద్దలు తిని," అంది బంగారమ్మ, చేపల పులుసు గిన్నె మూత తీస్తూ. అతను తిన్నాడు. చాలా రోజుల తర్వాత ఆకలిగా తిన్నాడు.

రెండు వారాల తర్వాత విచారణ జరిగింది. లండన్ నుంచి వచ్చిన ముగ్గురు అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: తప్పు దొరికిందని శుక్రవారం మీకెవరైనా చెప్పారా? గాజు తలుపు అవతల రుచిత నిలబడి ఉంది. ఉన్నది చెప్పేద్దామనే లోపలికి వెళ్లాడు జనార్ధనరావు. వుడ్‌ల్యాండ్స్ నుంచి తిరిగొచ్చిన రోజునుంచీ అదే అనుకుంటున్నాడు. నోరు తెరిచేసరికి వచ్చిన మాట వేరు.

"పూర్తి చేసిన ఫారం ఏదీ నాకు అందలేదండి."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ముగ్గురూ రాసుకున్నారు.

తేలింది ఏమిటంటే, లోపం నియంత్రణ చాలకపోవడం. ఇంకా కట్టుదిట్టం చేయడానికి జనార్ధనరావును మూడు దేశాల ఆఫీసుల మీద పెద్దను చేశారు. అసంపూర్ణంగా ఫారం నింపినందుకు రుచిత ఫైలులో ఒక మెమో చేరింది. నెల తిరక్కుండా ఆమె వేరే కంపెనీకి వెళ్లిపోయింది. వెళ్లే రోజు అందరి బల్లల దగ్గరికీ వెళ్లి వెళ్లొస్తానని చెప్పింది, అతని బల్ల దగ్గరికి తప్ప.

కొత్త గదిలో చేరిన ఉదయం జనార్ధనరావు యోగేశ్వరిని పిలిచి, "మీ అమ్మగారు ఎలా ఉన్నారు? ఆ పులుసు ఇంకా నోట్లోనే ఉందండీ," అన్నాడు.

"షి ఈజ్ ఫైన్, సర్," అంది యోగేశ్వరి. "ఎనీథింగ్ ఎల్స్?"

ఆ తర్వాత ఆ మేడలో ఆమె అతనితో ఒక్క తెలుగు మాట మాట్లాడలేదు.