యాభై తూటాలు, యాభై ఒక్క మోతాదులు

ఎల్డెన్ బావ కార్డు మీద రాసిన అంకెలు మూడుసార్లు తీసివేసి చూశాను. మూడుసార్లూ లెక్క ఒకటే చెప్పింది.

ఆయనకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఇంట్లోనే ఖాళీ ఇత్తడి తొడుగుల్లో తుపాకీమందు పోసి తూటాలు నింపే ముందు మందు డబ్బా తూచి బరువు కార్డు మీద రాస్తాడు, పని అయ్యాక మళ్ళీ తూచి రాస్తాడు. నిన్న సాయంత్రం నింపినవి యాభై తూటాలు. డబ్బాలోంచి పోయిన మందు మాత్రం యాభై ఒక్క తూటాలకు సరిపడేంత.

"బావా, ఈ కార్డు చూసుకున్నావా?" అని నేలమాళిగలోంచి కేకేశాను.

"చూశాలే. కాస్త ఒలికింది." పైన వంటింట్లో బేకన్ చిటపటలాడుతోంది. "గుడ్లు రెండా, మూడా?"

బల్ల మీదా, కిందా వెతికాను. మందు ఒలికితే బావ చిన్న బ్రష్షుతో ఊడ్చి పారేస్తాడు. బ్రష్షు కొక్కేనికే వేలాడుతోంది. దాని మీద పేరుకున్న దుమ్ము కదల్లేదు.

ఆ రోజు శనివారం, మోంటానా రాష్ట్ర చేతి తుపాకీ పోటీ. నలభై ఉక్కు బొమ్మలు. యాభై మీటర్ల దూరంలో కోళ్ళు, వందలో పందులు, నూట యాభైలో టర్కీలు, రెండు వందల మీటర్లలో పొట్టేళ్ళు. పదేసి. గుండు తగిలితే చాలదు, బొమ్మ పడాలి. నిలబడి ఉంటే సున్నా. బావ రెండుసార్లు ముప్ఫై తొమ్మిది దాకా వచ్చి ఆగిపోయాడు. ఆయన మణికట్టు అరిగిపోయింది. నవంబరులో ఆపరేషన్. ఆ తర్వాత చేతి తుపాకీ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. డెబ్భై ఒకటో ఏట, నలభైకి నలభై కొట్టడానికి ఆయనకు మిగిలింది ఆ ఒక్క రోజే.

ఆ మణికట్టు వల్లే ఈ చిక్కంతా. బావది ఫార్టీఫోర్ మాగ్నం రివాల్వర్. గుండు బరువైనది, తగిలిందంటే పొట్టేలు పడి తీరుతుంది. చేతికి తన్ను తగ్గాలని ఈ వేసవిలో ఆయన త్వరగా మండే మందు కొద్దిగా పోయడం మొదలుపెట్టాడు. అంత పెద్ద తొడుగులో ఆ కాస్త మందు అడుగునే ఉండిపోతుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పైన గుండు కూర్చోవడానికి బోలెడు చోటు. బయటికేమీ తెలియదు. పేల్చినప్పుడే తెలుస్తుంది. అప్పుడు తూటాలుండే సిలిండర్ చీలి ఉక్కు ముక్కలు పైకీ పక్కకూ లేస్తాయి.

తూచి పట్టుకుందామన్నా కుదరదు. రకరకాల పాత తొడుగులు, ఇంట్లో పోసుకున్న సీసపు గుండ్లు. వాటి బరువుల తేడాల్లో ఒక మోతాదు మందు కలిసిపోతుంది. అన్నీ ఊడదీసి మళ్ళీ నింపే వ్యవధి లేదు. మైదానం ఎనభై మైళ్ళ దూరం.

మా అక్క ఆర్డిస్ ఈ మనిషి భార్య. ఇదే ఆటకు ఆమె ఏరి కోరి తీసుకున్నది త్రీ ఫిఫ్టీ సెవెన్ రివాల్వర్. చిన్న తొడుగు, నెమ్మదిగా మండే మందు, దాదాపు అంచు దాకా. "రెండోసారి పోస్తే అది బల్ల మీదకు పొంగి నాకు చెప్పాలి. చెప్పని దాంతో నేను వేగలేను" అనేది. "నీ గుండు పొట్టేలును పలకరించి వస్తుందంతే" అని బావ ఏడిపించేవాడు. అదీ నిజమే. రెండు వందల మీటర్లలో ఆమె గుండు తగిలి ఖంగుమన్నా ఒక్కోసారి పొట్టేలు ఊగి ఊరుకునేది.

అక్క పోయి ఆరేళ్ళు. ఇనప బీరువాలో ఆమె రివాల్వర్, ఆమె చేత్తో నింపిన ఆఖరి డబ్బా అలాగే ఉన్నాయి. బావ వాటిని ముట్టుకోలేదు. నేను రెండింటినీ సంచిలో పెట్టి ట్రక్కు వెనక సీటు కింద దాచాను.

దారిలో గోధుమ కోతలైపోయిన పొలాలు దాటాక నేనే మొదలుపెట్టాను.

"నిన్న సాయంత్రం నేను ఫోన్ చేసినప్పుడు నువ్వు బల్ల దగ్గరే ఉన్నావు కదూ?"

"అయితే?"

"ఎన్నింటికి రావాలని అడిగాను. నువ్వు మాట్లాడుతూనే మందు పోసే మర హ్యాండిల్ లాగావు. చప్పుడు వినిపించింది."

"పని ఆపే మాట్లాడానురా."

"ఆపలేదు బావా. పనిలో ఉండగా ఎవరైనా పిలిస్తే చేతిలో ఉన్న తొడుగు వంపేసి మొదటినుంచీ చెయ్యాలని నాకు నేర్పింది నువ్వే."

"ముసలాడికి మతిపోయిందంటావు."

"ఫోన్ చేసింది నేను. మతిపోయింది నాకు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఒలికింది, ఆరిన్. ఇక వదిలెయ్."

మైదానంలో పేర్లిచ్చి మా వంతు కోసం నిలబడ్డాం. ఇరవై రెండేళ్ళుగా నా పని ఒకటే: బావ వెనక నిలబడి టెలిస్కోపులో చూస్తూ గుండు ఎక్కడ తగిలిందో చెప్పడం. వంతు రాగానే బావ తన పాత కార్పెట్ ముక్క పరిచి వెల్లకిలా పడుకున్నాడు. మోకాలు మడిచి, తొడ పక్కన తుపాకీ ఆనించడం ఈ ఆటలో పద్ధతి. పక్క గట్టు మీద పోస్టాఫీసు మార్లీస్ తన చాప పరుస్తోంది.

"ఎల్డెన్, ఈసారైనా నలభై కొట్టి మమ్మల్ని వదిలిపెడతావా?" అంది.

"నీ పందుల సంగతి చూసుకో. పోయినసారి ఆరు నిన్ను చూసి నవ్వాయి."

"అవి నిన్ను చూసి నవ్వాయిలే." ఆమె కూడా పడుకుంది. ఇద్దరి మధ్యా గజం దూరం. ఆమె చెంప, బావ రివాల్వర్ సిలిండర్, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

నేను టెలిస్కోపు మూత తియ్యలేదు.

"ఏమైందిరా?" అన్నాడు బావ.

"నేను ఇక్కడ నిలబడను బావా. నా గురించి కాదు. కుడి పక్కకు చూడు."

చూశాడు. మార్లీస్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఏదో పాట గొణుక్కుంటోంది. బావ చాలాసేపు అటే చూశాడు. తర్వాత సిలిండర్ తెరిచి ఐదు తూటాలూ అరచేతిలోకి వంపుకున్నాడు.

"ఇంటికి పోదాం పద" అన్నాడు.

"సీటు కింద అక్క తుపాకీ ఉంది."

ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఎన్ని మిగిల్చింది?"

"నలభై మూడు."

"అవి కాల్చేస్తే ఇక ఉండవు కదరా."

"ఉండవు."

ఆయన చేయి చాచాడు. నేను పరిగెత్తాను.

డబ్బా మూత లోపల అక్క రాత ఉంది. ఏ దూరానికి తుపాకీ మీది గురి స్క్రూను ఎన్ని మెట్లు తిప్పాలో, కోళ్ళ నుంచి పొట్టేళ్ళ దాకా. బావ చూపుడు వేలు ఆ అంకెల మీద పెట్టి చదువుకున్నాడు. గురి సరిచూసుకోవడానికి మూడు పేల్చాడు. మిగిలినవి సరిగ్గా నలభై.

కోళ్ళు పదీ పడ్డాయి. పందులు పదీ పడ్డాయి. టర్కీల దగ్గర గాలి లేచింది. అక్క అంకెకు ఒక మెట్టు కలపమన్నాను, బావ వద్దన్నాడు. అవీ పదీ పడ్డాయి. మార్లీస్ తన వంతు అయిపోయి వచ్చి నా పక్కన నిలబడింది.

పొట్టేళ్ళు. ఒకటి, రెండు, మూడు పడ్డాయి.

నాలుగోది ఖంగుమంది. టెలిస్కోపులో దాని వీపు కింద సీసం మరక స్పష్టంగా కనిపించింది. ఉక్కు బొమ్మ వెనక్కి వాలింది, ముందుకొచ్చింది, మళ్ళీ వాలింది. నిలబడింది.

"తగిలింది" అన్నాను. "పడలేదు."

"విన్నాను." బావ ముఖంలో ఏమీ లేదు. "మీ అక్క పలకరించింది."

నలభై పోయింది. ఆయన ఆగలేదు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది పడ్డాయి. తొమ్మిదోది మళ్ళీ ఊగి నిలబడింది. పదోది పడింది. ముప్ఫై ఎనిమిది. ఖాళీ తొడుగులన్నీ లెక్కపెట్టి అక్క డబ్బాలో ఎక్కడివక్కడ పెట్టాడు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. తిండి మాట ఎత్తకుండా నేలమాళిగలోకి దిగాడు. సుత్తిలాంటి పరికరంలో ఒక్కో తూటా బిగించి నేను కొడుతుంటే గుండు ఊడి వస్తోంది, ఆయన మందును త్రాసులో పోస్తున్నాడు. ముప్ఫై దాకా అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఒలికిందని చెప్పానా లేదా?" అన్నాడు.

ఒక మనిషి ఆఖరి పోటీ నా అనుమానం కింద పోయిందేమో అనుకుంటూనే తర్వాతి తూటా బిగించాను.

ముప్ఫై ఆరోది వంపగానే త్రాసు ముల్లు పైకెక్కి అంచుకు కొట్టుకుంది. పళ్ళెంలో మందు రెండింతలు.

బావ కళ్ళద్దాలు తీశాడు. "మార్లీస్‌కు మనవరాలు పుట్టింది, తెలుసా? పోయిన వారమే."

"తెలుసు."

ఆయన లేచి గోడ మీది ఫోను వైరు పీకేశాడు. ఫార్టీఫోర్ సామాను పక్కకు నెట్టి అక్క తూటాల అచ్చులు నింపే మరకు బిగించాడు. నెమ్మదిగా మండే మందు డబ్బా దించాడు.

"ఎవరి కోసం, బావా? నవంబరులో నీ చెయ్యి కోస్తున్నారు."

"నీ కోసం. ఇరవై రెండేళ్ళు నా వెనక నిలబడ్డావు. ఇక పడుకో. నేను నిలబడతా."

"అరవై ఆరేళ్ళకా?"

"మీ అక్క పొట్టేలును మొదటిసారి పడగొట్టింది యాభై నిండాక. కూర్చో. చూడు."

అక్క తొడుగు ఒకటి నిలబెట్టి ఒక మోతాదు పోశాడు. మందు అంచు దగ్గరికి వచ్చింది. కావాలనే రెండోది పోశాడు. అది తొడుగు నోటి మీంచి పొర్లి బల్లంతా చిమ్మింది.

బావ కొక్కేనికి వేలాడుతున్న బ్రష్షు అందుకుని, దుమ్ము ఊది, ఊడవడం మొదలుపెట్టాడు.