పడవ ఆగే మలుపు

పొద్దున తొమ్మిదింటికి యాసిన్ షట్టర్ ఎత్తుతాడు. గద్వాల పాత బస్టాండు వెనక, ఒకే ఒక్క కంప్యూటర్ ఉన్న గేమ్స్ సెంటర్ అది. తెర తుడుస్తాడు, ఊదుబత్తి ముట్టిస్తాడు, ఎదురు హోటల్ చాయ్‌ని పొగలు కక్కుతుండగానే గటగటా తాగేస్తాడు. నాలుక కాలుతుంది, అతనికి తెలియదు. అక్టోబర్ వరద తర్వాత వేడి, చలి, ఉప్పు, కారం ఏవీ తెలియడం లేదు. తెలియడం లేదన్న బాధ కూడా లేదు.

ఆ కంప్యూటర్ అలంపూర్ నుంచి వచ్చింది. ఆటల కోసమని కంపెనీవాళ్లే తయారుచేసి సీలు వేసి అమ్మినది. వరద నీళ్లు అక్కడి ఇంటి గడప దాటినప్పుడు యాసిన్ ముందు దాన్నే భుజానికెత్తుకున్నాడు. "తొందరగ రా" అని భార్య ఫిర్దోస్‌తో చెప్పి, వెనక్కి చూడకుండా మసీదు మిద్దె ఎక్కాడు. దించి చూస్తే ఫిర్దోస్ లేదు. వీధి కూడా లేదు. కంప్యూటర్ మొత్తంలో మౌస్ ఒక్కటే పోయింది. ఇప్పుడున్నది గద్వాలలో కొన్నది.

వరద తీశాక కంప్యూటర్‌లోని పడవల ఆటలో నది మారిపోయింది. అంతకుముందు ఏ దేశానిదో నీలం నది, గట్టున అద్దాల మేడలు ఉండేవి. ఇప్పుడు బురద నీళ్ల తుంగభద్ర, గట్టున అలంపూర్ గుళ్లు. వరదలో కొట్టుకుపోయినవి ఎక్కడ ఆగితే అక్కడ కనిపిస్తాయి. దానికి అలంపూర్‌వాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు గానీ, వెతుక్కోవడానికి కుర్చీ ఒకటే ఉందని మాత్రం గొణిగారు. హన్మంతు తన బర్రె తుమ్మచెట్లలో ఇరుక్కున్న చోటు చూసుకుని మరునాడే వెళ్లి తోలుకొచ్చాడు. గోవిందుకు బీరువా దొరికింది, తలుపు లేకుండా.

అయితే తుంగభద్ర కృష్ణలో కలిసే మలుపు దగ్గర పడవ ఆగిపోయేది. తెర బిగుసుకుపోయేది. మలుపుకు ఇవతల ఫిర్దోస్ లేదు. అవతల ఏముందో ఎవరికీ తెలియదు. యాసిన్‌కు అదే బాగుంది. పడవ ఆగినన్నాళ్లు ఆమె చనిపోలేదు, బతికీ లేదు, తను ఏమీ చేయనక్కర్లేదు.

అత్త ఖుర్షీద్ బేగం ప్రతి శుక్రవారం వనపర్తి నుంచి బస్సులో వచ్చేది. కుర్చీలో కూర్చుని మలుపు దాకా వెళ్లి, తెర బిగుసుకోగానే లేచిపోయేది. డిసెంబర్లో ఒక శుక్రవారం ఆమె లేవలేదు.

"బేటా, గీ డబ్బా తెరిపియ్. బలం సాలక ఆగుతుందంట."

"సీలు తీస్తే గ్యారంటీ పోతది అమ్మీ."

"నా బిడ్డకు ఫాతెహా సదవాల్నా, ఎదురు సూడాల్నా? గదొక్కటి తెలిస్తే సాలు నాకు."

యాసిన్ గుడ్డ తీసి గల్లా తుడవసాగాడు. ఆమే వెళ్లి, కంప్యూటర్లు బాగుచేసే పద్మజను వెంటబెట్టుకొచ్చింది. పద్మజ వంగి సీలు మీది తేదీ చదివింది.

"అన్నా, గ్యారంటీ పోయిన నెలల్నే అయిపోయింది గదా."

"ఎరుకే" అన్నాడు యాసిన్.

ఆమె సీలును గోటితో గీకేసి పక్కరేకు తీసింది. లోపల దుమ్ము, ఎండిన చింతాకు ఒకటి. పైన రంగు లైట్ల మీద చూపిన శ్రద్ధ కంపెనీవాళ్లు లోపల చూపలేదు. "ర్యామ్ అర జీబీ, డిస్కు ఎనభై. అదీ నిండిపోయింది. ఇంత నది దీంట్ల ఎట్ల పడతది?" అంది పద్మజ. పాత ర్యామ్ ముక్కను తీసి, దాని ఇత్తడి రంగు పళ్లను బడిపిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చింది. పక్కన ఖాళీలో ఒక జీబీ ముక్క పెట్టి బొటనవేళ్లతో నొక్కితే కొక్కేలు టక్కున పడ్డాయి. మూడు వందల ఇరవై జీబీల కొత్త డిస్కు తగిలించి, పాతదాంట్లోదంతా అందులోకి కాపీ పెట్టింది. నాలుగు గంటలు పట్టింది. ఖుర్షీద్ బేగం మూలన చాప పరిచి నమాజు చదువుకుంది. యాసిన్ తెర మీద పాకే పచ్చగీతను చూస్తూ నిలబడ్డాడు.

"ఇగ నువ్వే నడుపు" అంది అత్త.

వరద తర్వాత అతను ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. గుళ్లు దాటాయి, హన్మంతు తుమ్మచెట్లు దాటాయి, మలుపు వచ్చింది. పడవ ఆగలేదు. కృష్ణ వెడల్పుగా తెరుచుకుంది. చాలాసేపటికి సోమశిల గుడి మెట్లు కనిపించాయి. వాటికి దూరంగా, ఒక రేగుచెట్టు కింద, రాళ్లు పేర్చిన మట్టిదిబ్బ. పడవ దానంతటదే అక్కడ ఒడ్డుకు ఆనింది.

ఖుర్షీద్ బేగం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. యాసిన్‌కు ఏడుపు రాలేదు.

"రేపు పోదం అమ్మీ" అన్నాడు.

మరునాడు కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరేసరికి మధ్యాహ్నమైంది. రేగుచెట్టు ఉంది, దిబ్బ ఉంది. వీళ్లను చూసి చేపలు పట్టే కురుమూర్తి వల పక్కన పెట్టి వచ్చాడు.

"పోలీసులొచ్చి రాసుకున్నరు. ఎవ్వలూ రాకపాయె. నేనే తవ్విన" అన్నాడు. "బట్టలు సూసి మీవోళ్లనుకున్న. తల ఉత్తరానికి పెట్టిన. సరేనా అమ్మా?"

"సరిగ్గనే పెట్టినవ్ నాయనా" అంది ఖుర్షీద్ బేగం. దిబ్బ పక్కన కూర్చుని చేతులు చాపి ఫాతెహా చదివింది.

కురుమూర్తి భార్య యాదమ్మ స్టీలు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. చంకలోని గుడ్డమూట తీసి యాసిన్ ముందు పెట్టింది.

"ఆమె కొంగుల గట్టిగ ముడేసుకొని ఉండె. ఏందో తెల్వక దాసిన."

విప్పితే మౌస్. తీగ దాని చుట్టూ ఒద్దికగా చుట్టి ఉంది, ఫిర్దోస్ రోజూ చుట్టినట్టే. ఆమె ఇంట్లో ఉండిపోలేదు. అతను తొందరగా రమ్మన్నాడు, అతను మరిచిపోయినదాన్ని తీసుకుని ఆమె వెనకాలే వచ్చింది.

యాసిన్ ఏం చేయాలో తోచక గ్లాసు ఎత్తి ఒక గుటక తాగాడు. నాలుక చుర్రుమంది. గ్లాసు చేతిలోంచి జారబోయింది.

"జర సల్లార్సుకొని తాగు బిడ్డా" అంది యాదమ్మ.

అతను గ్లాసు కింద పెట్టి, మౌస్‌ను రెండు చేతుల్లో పట్టుకుని ఏడ్చాడు. ముగ్గురూ అతన్ని ఆపలేదు. చాయ్ చల్లారిపోయింది.