తడిసిన గోడ

నిచ్చెన మీద గోడ గీకుతున్న భర్తకు దగ్గు తెర వచ్చినప్పుడల్లా కింద ఆమె గీకుడు జోరు పెంచుతోంది. చేతిలోని గీకే రేకు గోడ మీద కర్రుకర్రుమంటుంటే, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని అతను దగ్గుతున్న సంగతి పక్కగదిలోకి వినిపించదు. పొద్దుటినుంచీ ఇదే వరస. పక్కగదిలో మేస్త్రీ ఉన్నాడు. ఆయన ఆమెకు సొంత అన్న. అయితేనేం, దగ్గేవాళ్లను పనిలోంచి తీసేయడంలో ఆయనకు తన, పర భేదం లేదు. మొన్నటికి మొన్న ఒక ముసలి కూలీని "ఇంటికెళ్లి పడుకో తాతా" అని నవ్వుతూనే పంపేశాడు. ఆ తర్వాత ఆ తాతను పనికి పిలిచిన మేస్త్రీ లేడు.

కిటికీలు, తలుపు మూసి ఉన్నాయి. ముందుగదిలోకి దుమ్ము రాకూడదని ఇంటావిడ ఆజ్ఞ. అక్కడ సోఫాకు దుప్పటి కప్పారు, టీవీకి పాత చీర చుట్టారు, ఫ్యాను రెక్కలకు కూడా సంచులు తొడిగారు. ఫ్యానుకున్న యోగం కూలివాడికి ఉండొద్దూ!

గోడకు పైన ఆకుపచ్చ రంగు, దాని కింద నీలం, అడుగున ఎప్పటిదో సున్నం. ఆ సున్నం మొత్తం ఊడితే తప్ప, రంగుకు ముందు పూసే కొత్త పుట్టీ పట్టదు. పట్టినట్టే కనబడి, నెల తిరక్కుండా పెచ్చులు లేస్తుంది. ఎండు సున్నం గీకితే పిండిలా రాలుతుంది. రాలిందంతా గాల్లోనే తిరుగుతుంది.

తలుపు తెరుచుకుంది.

"ఏమ్మా, గోడ గీకుతున్నావా, కూలగొడుతున్నావా?" అన్నాడు మేస్త్రీ.

"మొండి సున్నం అన్నయ్యా. కాస్త నీళ్లు చల్లుకుంటే మెత్తబడుద్ది."

"తడిస్తే రేపటిదాకా ఆరదు. ఇవాళ కలిపిన పుట్టీ నీ మొగుడి నెత్తిన పూయమంటావా?" తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. "ఏం బావా, ఉలుకూ పలుకూ లేదు?"

అతను తల మాత్రం ఊపాడు. ఊపిరి బిగబట్టిన ముఖం కందగడ్డలా అయింది.

"మూతికి గుడ్డ కట్టుకున్నాడు గదా, ఏం పలుకుతాడు?" అందామె గబగబా.

"దుమ్ముకి జడిస్తే కూడు పుట్టదమ్మా. నేను తినలేదా?" అంటూ మేస్త్రీ తలుపు లాక్కుని వెళ్లాడు.

ఆపుకున్న దగ్గంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. నిచ్చెన ఊగింది. ఆమె రెండు చేతులతో రేకు పట్టుకుని, పళ్లు బిగించి గీకింది. తెల్లని దుమ్ము లేచింది. అది లేచి ఎటు పోతోందో అప్పుడు చూసింది. తిన్నగా నిచ్చెన మీదికే.

దగ్గు దాచాలని ఎంత గట్టిగా గీకితే అంత దుమ్ము. ఎంత దుమ్మైతే అంత దగ్గు. పొద్దుటినుంచీ మొగుడి గొంతులోకి తన చేత్తోనే ఎత్తి పోస్తోందన్నమాట. ఆ చేతిని చూసుకుంటే ఆమెకు రోత పుట్టింది.

రేకు కింద పడేసింది.

గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో అతని దగ్గు ఎంత పెద్దదో ఆమెకే తెలిసొచ్చింది. అతను బెదిరిపోయి, గీకు గీకు అంటూ చేత్తో సైగ చేశాడు. ఆమె రేకు ముట్టలేదు. తర్వాత, పుట్టీ కలపడానికి తెచ్చిన బకెట్టు నీళ్లలో చెంబు ముంచి, గోడ మీద ధారగా పోసింది. మళ్లీ ముంచింది. పోసిన నీళ్లు పోసినట్టే గోడ పీల్చుకుంది.

మేస్త్రీ వచ్చేసరికి గోడ సగం నల్లబడి ఉంది.

"ఎవరు తడపమన్నారే?"

"ఎవరూ అన్లేదు. నేనే తడిపా."

"ఇందాకట్నించీ దగ్గేది బావేనా?"

 కాదని ఒక్క మాటంటే ఇవాళ్టికి గండం గడుస్తుంది.

"ఆయనే. ఎండుగోడ గీకితే దగ్గు రాక పాటొచ్చుద్దా అన్నయ్యా?"

"మాటలు నేర్చావే! మరి రేపణ్నించి..."

"రేపటి సంగతి రేపు చెప్పు. ఇంకా మూడు గోడలున్నాయి," అని ఆమె చెంబు ముంచుకుని రెండో గోడ వైపు నడిచింది.

నిచ్చెన మీద అతను మేస్త్రీ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. తువ్వాలు లాగేసి, ఇల్లంతా వినబడేలా దగ్గాడు.