ఊక కింద డచ్చి వాళ్ళు

సత్యవాణికి మొగుడితో ఉన్న పేచీ ఒక్కటే. కాపురానికొచ్చిన ఇరవై ఆరేళ్ళలో ఆయన తాగలేదు, చెయ్యి చేసుకోలేదు, పేకాటకి వెళ్ళలేదు. పక్కింటావిడతో చెప్పుకుని కళ్ళు తుడుచుకోడానికి ఒక్క విషయం కూడా మిగల్చలేదు. అదలా ఉంచితే, తెల్లవారుజామున అయిదింటికి కళ్ళు తెరవకుండానే, "సత్యా, ఇవాళ్టి సంగతేంటి?" అంటారు. అదీ పేచీ.

ఆయన పేరు వెంకటరాజు. భీమవరం నుంచి ఉండి ఊరికి వెళ్ళే రోడ్డు మీద రాజుగారికి ఐస్ ఫ్యాక్టరీ ఉంది. వెనకాలే ఇల్లు. రొయ్యల బళ్ళు పొద్దు పొడవకుండానే వచ్చి వరస కడతాయి. ఎవరి తర్వాత ఎవరు ఐస్ ఎత్తుకోవాలో గేటు దగ్గర నల్లబల్ల మీద రాస్తారు. నాలుగేళ్ళ కిందట వరస కోసం ఇద్దరు డ్రైవర్లు కాలర్లు పట్టుకుంటే, ఏం చెయ్యాలో తోచక రాజుగారు బల్ల అడుగున "యానాం మన దేశంలో కలిసింది 1954లో" అని రాశారు. వాళ్ళు కాలర్లు వదిలేసి యానాం గురించి వాదించుకున్నారు. అప్పట్నుంచీ రోజుకో సంగతి రాయాల్సిందే. రాసేది ఆయన. హిస్టరీలో బీఏ చేసిన పాపానికి ఏరి ఇచ్చేది ఆవిడ.

అనాస అన్న పేరు పోర్చుగీసు ఓడల్లో వచ్చిందని, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని, ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయని, చట్నీ తాలింపేస్తూ ఎన్నని చెబుతుంది? ఆదివారమన్నా సెలవిమ్మంటే, "బళ్ళకి సెలవుందా?" అన్నారు.

పోయిన వేసవిలో ఒక పొద్దున్న నడుం పట్టేసి ఆవిడ మంచం దిగలేకపోయింది. ఫోన్లో నెట్ లేదు. ఆయన చాక్‌పీసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. కిటికీలోంచి చూస్తే పనివాళ్ళు ఐస్ దిమ్మల మీద ఊక కప్పుతున్నారు.

"ఐస్ కరక్కుండా ఊక కప్పడం మనవాళ్ళకి నేర్పింది నరసాపురం రేవుకొచ్చిన డచ్చి వాళ్ళు. రాసుకోండి" అంది.

డచ్చి వాళ్ళు నరసాపురం వచ్చిన మాట నిజం. ఊక కళ్ళెదుట ఉంది. రెండిటికీ ముడి వేసింది మాత్రం ఆవిడే. ఎవరన్నా పట్టుకుంటారేమో చూద్దామన్న కొంటెతనం కూడా అందులో కాస్త ఉంది. ఎవరూ పట్టుకోలేదు. ఆ వారమంతా నడుం నొప్పిలోనూ నవ్వొచ్చింది. తర్వాత మర్చిపోయింది.

నిన్న మధ్యాహ్నం బండి డ్రైవర్ వీరబాబు కూతుర్ని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ ఆఫీసు గదికి వచ్చాడు. పిల్ల పేరు రాణి, డిగ్రీ రెండో ఏడు. తండ్రి రోజూ బల్ల ఫోటో తీసి పంపితే నోట్సులో ఎక్కించుకుంటుందట. ఏలూరులో కాలేజీల ఉపన్యాస పోటీకి వెళ్ళి, ఊక సంగతి మీద మాట్లాడి ఫైనల్‌కి ఎంపికైంది. ఆ ఫైనల్ మర్నాడే.

"జడ్జిగారు ఆధారం తెమ్మన్నారండి. లేకపోతే పోటీలోంచి తీసేస్తారంట. ఏ పుస్తకంలోదండి రాజుగారు?" అంది రాణి.

సత్యవాణి టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"పుస్తకమేంటమ్మా! మా తాతగారు స్వయంగా చెప్పేవారు. డచ్చి దొర పక్కన నిలబడి మరీ ఊక కప్పించాడంట" అన్నారు రాజుగారు.

డచ్చి వాళ్ళు వెళ్ళిపోయిన ఎనభై ఏళ్ళకి గానీ ఆ తాతగారు పుట్టలేదు.

"చూశావా అమ్మా, నే చెప్పలేదా? రాజుగారి బల్లంటే గెజిట్టేనండి, ఆయ్" అన్నాడు వీరబాబు.

"మాట కాదు నాన్నా, కాయితం కావాలన్నారు."

"కాయితమేగా? మన ఐస్ ఫ్యాక్టరీ లెటర్‌హెడ్ మీద రాసిస్తా. స్టాంపు కూడా వేస్తా. ఎవడు కాదంటాడో చూద్దాం." రాజుగారు అప్పుడే పెన్ను తీశారు.

సత్యవాణి టీ అందిస్తూ, "రాణీ, ఊక ఎందుకులే. ఆనకట్ట గురించి చెప్పరాదూ?" అంది.

"అది అందరూ చెప్తారాంటీ. మా మేనత్తలు బుట్టల్లో చేపలకి ఐసూ ఊకా వేసి నెత్తిన మోసేవారు. క్లాసులో ఆ మాట ఎప్పుడూ ఎత్తేదాన్ని కాదు. దీనికింత చరిత్ర ఉందని తెలిశాకే మైకులో చెప్పగలిగాను."

సత్యవాణి కావాలంటే ఊరుకోవచ్చు. సంతకం ఆయనది, తాతగారూ ఆయన తాతగారే. కానీ రేపు ఆ కాయితం పట్టుకుని స్టేజీ మీద నిలబడేది ఈ పిల్ల.

"ఆ స్టాంపు వెయ్యకండి. అది ఏ పుస్తకంలోనూ లేదు" అంది నెమ్మదిగా.

రాజుగారు తలెత్తలేదు. "ఎక్కడో చదివే ఉంటావు. నీకీమధ్య మతిమరుపొచ్చింది."

"అమ్మగారు మర్యాదకి అలా అంటారమ్మా. పెద్దోళ్ళు గొప్పలు చెప్పుకోరు" అని వీరబాబు కూతురికి సర్దిచెప్పాడు.

స్టాంపు ప్యాడు మూత తెరుచుకుంది. రాణి మాత్రం అటు చూడటం లేదు, సత్యవాణి మొహం చూస్తోంది.

"నిజం చెప్పండాంటీ. చదివారా?"

నడుం నొప్పి ఉంది, నెట్ లేదు, నాలుగేళ్ళుగా ఒక్క ఆదివారం లేదు. చెప్పుకోడానికి కారణాలకేం లోటు? ఒక్కటీ ఈ పిల్ల ముందు పనికొచ్చేలా లేదు. సత్యవాణి పళ్ళెం టేబుల్ మీద పెట్టి, ఐసు నలగ్గొట్టే క్రషర్ మోతని మించి, గేటు దగ్గర బళ్ళవాళ్ళు కూడా ఇటు తిరిగేంత గట్టిగా అంది.

"చదవలేదమ్మా. కల్పించాను. తప్పు చేశాను."