బస్టాండు వెనుక ఇల్లు

యజమాని మనుషులు షహర్ బానో సామాను మెట్ల మీద పారేస్తుంటే పన్నెండు వాటాల వాళ్లం చూశాము. చూసి, తలుపులు దగ్గరికి వేసుకున్నాము. ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి.

కరీంనగర్ బస్టాండు వెనుక సందులో మూడంతస్తుల ఇల్లు అది. మొదటి బస్సు నడిపే అంతయ్య, ఆసుపత్రిలో నర్సుగా చేసే షహర్ బానో, కాలేజీకి పోయే రుచిత, బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడే నేను, అందరం బస్సు అందుతుందనే అక్కడ ఉంటున్నాము. యజమాని భూపాల్‌రావు ఆశ కూడా బస్టాండు మీదే. ఆ ఇంటిని లాడ్జి చేయాలనుకున్నాడు. అందరినీ ఖాళీ చేయించడానికి ముందుగా షహర్ బానోను ఎంచుకున్నాడు.

"వారం టైమిచ్చిన. ఇంకా పోకపోతివి" అన్నాడు.

"తిరుగుతనే ఉన్న సార్. ఎవరూ ఇస్తలేరు."

నిజంగానే తిరిగింది. ఆ మాట తర్వాత నాలుగు రోజులు రుచిత కూడా ఆమె వెంట పోయింది. బోర్డు చూసి రుచిత అడిగితే "ఉంది బిడ్డా, చూస్కో" అనేవారు. ఎవరికని అడిగి, పేరు వినగానే "మా తమ్ముడు దిగుతుండు, యాదిమరిచిన" అనేవారు. ఒకామె తాళంచెవి చేతిలో పట్టుకునే ఆ మాట అంది. ఊరి చివర ఒక ఇల్లు దొరికింది గానీ అటు బస్సు లేదు. ఐదో రోజు ఆమె డ్యూటీలో ఉండగా భూపాల్‌రావు మనుషులు సామాను బయట వేసి, గదికి తాళం బిగించి పోయారు.

సాయంత్రం రుచిత అందరినీ మిద్దె మీదికి పిలిచింది.

"మనకెందుకు? మాట్లాడితే మనల గూడ బయటేస్తడు" అన్నాడు అంతయ్య.

"మాట్లాడకున్నా ఏస్తడన్నా. లాడ్జిల నీకో రూమిస్తనన్నడా?"

"నువ్వు చదువుకునేదానివి, ఏమన్నా అంటవు. నాకు ఇల్లు దొరకాలె గదా."

"నీకు దొరుకుతది. ఆమెకు దొరకదు. ఆమె కోసం ఎవ్వరు రారనే ఆమెతోని మొదలుపెట్టిండు."

అంతయ్య లేచి వెళ్లిపోయాడు. మేము గంటసేపు వాదించుకున్నాము. కోర్టన్నారు కొందరు, బతిమాలుదామన్నారు కొందరు. ఏదీ తేలలేదు. విసిగిపోయి కిందికి దిగితే, షహర్ బానో గది తాళం విరిగి ఉంది. అంతయ్య బియ్యం డబ్బా భుజాన పెట్టుకొని లోపలికి పోతున్నాడు.

"బీరువా నా ఒక్కనితోని కాదు. పట్టుండ్రి" అన్నాడు.

పట్టాము. ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి మంచం కూడా వేసి ఉంచాము. "మీకు పరేషాన్ అయితది" అంది ఆమె. అయిన పరేషాన్ చాలదా అన్నాను.

మరునాడు మధ్యాహ్నం భూపాల్‌రావు పోలీసులను తీసుకొచ్చాడు. తాళం ఎవరు విరిచారని అడిగారు. అప్పుడే బస్సు దిగి వచ్చిన అంతయ్య, ఖాకీ చొక్కా విప్పకుండానే ముందుకొచ్చాడు. "నేనే సార్."

"ఆమెను ఖాళీ చేయించుమని కోర్టు కాగితమేమన్న ఉన్నదా?" అని రుచిత అడిగింది. అంతయ్యను జీపు ఎక్కించారు.

సగం మంది తలుపులకు కాపలా ఉన్నారు. మిగతావాళ్లం షహర్ బానో వెంట స్టేషన్‌కు నడిచాము. ఎదురింటి మేడ మీద ఒకామె బట్టలు ఆరేస్తూ ఏమైందని అడిగింది. చెప్పాము.

"మాక్కూడ ఖాళీ చేయుమన్నరు. ఆగుండ్రి, వస్తున్న" అని దిగివచ్చింది. ఆ సందు దాటేలోపు ఇంకో మూడిళ్ల వాళ్లు కలిశారు.

స్టేషన్ ముందు ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్కరు లోపటికి రాండ్రి. మిగిలినోళ్లు ఇండ్లకు పోండ్రి."

"ఏ ఇండ్లకు సార్?" అంది షహర్ బానో. "ఏదన్నా ఉంటే ఈడనే చెప్పుండ్రి. అందరం వింటం."

ఆమె గేటు ముందు రోడ్డు మీద కూర్చుంది. ఆమె పక్కన మేమందరం కూర్చున్నాము.