బయటే కనిపించే ప్రోటీన్

"నువ్వు రాలేవని హాడోకి చెప్పేశాను" అన్నాడు వెర్న్, మీట్‌లోఫ్ ఇంకో ముక్క వడ్డించుకుంటూ.

సింకులో సబ్బునురగ మధ్య అతని భార్య లొరెయిన్ చేతులు ఆగిపోయాయి. హాడో ఆమె పనిచేసే ల్యాబ్‌కి పెద్ద. టొరాంటో సదస్సులో చెప్పాల్సింది ఆమె చేసిన పని.

"మన కెవిన్‌కి స్కూల్లో హాకీ పోటీలున్నాయి. మా అమ్మని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నీ బదులు ఆయనే మాట్లాడతాడట, చివర్లో నీ పేరు చెబుతాడట. ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలో ఆమెకి తెలుసు. ఆమె పరిశోధించే ప్రోటీన్ ఎప్పుడూ కణంలోని కేంద్రకం బయట, దాని చుట్టూ ఉండే కణద్రవ్యంలోనే ఉంటుందని అందరూ తేల్చేశారు. లోపలికీ వెళ్లొస్తోందేమోనని ఆమె అంటే, "ఎప్పుడు చూసినా బయటే కనిపిస్తుంటే లోపలికి పోయేదెప్పుడు లొరెయిన్, మనం కాఫీకి వెళ్లినప్పుడా?" అని హాడో నలుగురినీ నవ్వించాడు. ఆమె ప్రోటీన్‌కి ఆకుపచ్చ వెలుగు తగిలించి, కేంద్రకం నుంచి బయటికొచ్చే దారిని మూసే మందు వేసింది. కాసేపటికి కేంద్రకాల నిండా ఆకుపచ్చే. అది రోజంతా లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. వెళ్లిన వెంటనే వచ్చేస్తుంది కాబట్టి ఎవరి కంటా పడలేదు, అంతే. "మందెక్కువై కణాలు చచ్చుంటాయిలే" అన్నాడాయన. మందు కడిగేసింది. ఆకుపచ్చ మళ్లీ బయటికొచ్చింది. చచ్చిన కణాలకి అది చేతకాదు. ఆ సాయంత్రం నుంచే ఆయన "మనం కనిపెట్టాం" అనడం మొదలుపెట్టాడు. ఒళ్లు మండినా ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వెర్న్ చెడ్డవాడేం కాదు. అదే ఆమె బాధ. చెడ్డవాడైతే ఎప్పుడో పోట్లాడేది.

"అలిగావా?" అన్నాడు బుజ్జగింపుగా. "మా ఆఫీసులో అందరికీ నీ గురించి గొప్పగా చెబుతాను తెలుసా? పొద్దున్నే లంచ్ డబ్బాలు సర్దేస్తావు, వంట వేళకి ఇంట్లో ఉంటావు. నువ్వు ఉద్యోగానికి వెళ్లొస్తున్నట్టే తెలీదు మాకు."

ఆమె తడిచేతులతోనే ఫోనందుకుంది. హాడో నంబరు నొక్కింది.

"డాక్టర్ హాడో, టొరాంటోలో నేనే మాట్లాడతాను. ఇకమీదట నా సంగతి నన్నే అడగండి."

ఫోను పెట్టేసేసరికి వెర్న్ ఫోర్కు పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

"మరి కెవినో? మా అమ్మో? ఇల్లెలా నడుస్తుంది లొరెయిన్?"

"నేను లేనప్పుడు చూడు వెర్న్. ఇన్నాళ్లూ ఎలా నడిచిందో అప్పుడే కనిపిస్తుంది."